పరదేశుల మూల

ఎలుగుబంటి నోట్లో ఎవరో ఎంగిలి విస్తరి కుక్కారు. ఫైబర్‌తో చేసిన ఎలుగుబంటి అది, చెత్తబుట్ట. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని కాంపౌండ్ గోడ పక్కన నిలబడి ఉంది. పప్పు కారి గడ్డం మీద ఎండిపోయింది. ఒక చిన్నపాప పరుగెత్తుకొచ్చి ఐస్‌క్రీం కప్పు దాని నోట్లోకి విసిరింది. గురి తప్పింది. ఆ పాప దాని మూతి మీద ఒక్కటి కొట్టి "తిను!" అంది.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. పక్కన కూర్చున్నావిడ ఏమైనా కావాలా అని అడిగితే, వద్దని తల ఊపాను.

మా కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడం గృహప్రవేశం అది. నేను అదే కాలేజీలో లైబ్రరీ చూసుకుంటాను. ఎవరైనా పిలిస్తే వెళ్తాను, ఓ పక్కన కూర్చుని తిని వచ్చేస్తాను, ఇంటికొచ్చి డైరీలో నాలుగు ముక్కలు రాసుకుంటాను. కరీంనగర్ చుట్టూ కొత్త కాలనీలు ఎన్నో లేచాయి. పేర్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆటో ఎటు పోతోందో పట్టించుకోలేదు. దిగాక తలెత్తి చూస్తే గుట్ట కనిపించింది. సగం గుట్ట. గ్రానైటు కోసం కోసుకుపోయాక మిగిలిన సగం, కోసిన సొరకాయలాగా తెల్లగా, నున్నగా నిలబడి ఉంది. దాని కింద సిమెంటు రోడ్డు ఎడమకు వంపు తిరిగింది. ఆ వంపు నాకు రోడ్డు పుట్టకముందు నుంచే తెలుసు.

అక్కడ మా చేను ఉండేది.

*

నాకప్పుడు పదేళ్లు ఉంటాయి. మా ఇంట్లో తాత, నాయినమ్మ, బాపు అని పిలిచే నాన్న, అవ్వ అని పిలిచే అమ్మ, బాపు తమ్ముడు పెళ్లికాని కాక, నేను. చేను గుట్టను ఆనుకుని ఉండేది. వానాకాలం మక్క, అంటే మొక్కజొన్న, వేసేవాళ్లం. గుట్టకు తగిలే చివర ఒక మూల పది గుంటల ముక్క ఉండేది. దాంట్లో కూడా తాత అన్నిటితో పాటే విత్తనం వేసేవాడు, కలుపు తీయించేవాడు, ఎరువు చల్లేవాడు. కోత మాత్రం కోయనిచ్చేవాడు కాదు.

ఎప్పుడో యవ్వనంలో మిషన్ చర్చిలో ఒక ముసలి పాస్టరయ్య చేలో మూలలు పూర్తిగా కోయకూడదని, అవి బీదలకూ పరదేశులకూ వదలాలని చెప్పాడట. ఆ ఆదివారం చర్చిలో అందరూ విన్నారు, అందరూ మరిచిపోయారు. తాత ఒక్కడే దాన్ని చేలోకి తీసుకెళ్లాడు. బీదలు ఎవరూ అంత దూరం గుట్ట కిందికి వచ్చేవాళ్లు కాదు. ఇక మిగిలింది పరదేశులు. గుట్ట మీంచి దిగేవాళ్లు తాత దృష్టిలో పరదేశులు: నెమళ్లు, చెవులపిల్లులు, అడవి పందులు, ఏదుపంది, ఏడాదికి రెండు మూడుసార్లు గుడ్డెలుగు. ఆ ముక్కను ఆయన 'పరిగె' అనేవాడు. పరిగె అంటే కోత అయ్యాక చేలో రాలిన గింజలని పెద్దయ్యాక నిఘంటువులో చూశాను. కోయకుండా నిలబెట్టిన పంటను ఆ మాటతో పిలవడం తప్పే. మా ఇంట్లో మాత్రం అదే ఒప్పు.

కోతల నాడు తాత సాలు వెంబడి కోసుకుంటూ ఆ మూల దాకా వచ్చి ఆగేవాడు. కొడవలి మొన వెనక్కి తిప్పి నడుము వెనక చెక్కుకునేవాడు. "ఇగ సాలు" అనేవాడు. చాలు అన్నదీ అదే మాట, నాగటి సాలూ అదే మాట. ఆయన ఏది అన్నాడో ఎవరూ అడగలేదు.

కాకకు ఇది అస్సలు నచ్చేది కాదు. కండలు తిరిగిన మనిషి, కోపిష్టి. ఎలుగు తొక్కిన మక్క చూసినప్పుడల్లా తాత మీద ఎగిరేవాడు.

"బాపూ, దావతు పెట్టినట్టు పెడితివి. ఓ పీట గూడ ఎయ్యరాదె, కూసుండి తింటయి."

"ఏస్త తియ్. నువ్వు జర పక్కకు జరుగు" అనేవాడు తాత.

"గుడ్డెలుగుకు ఆకు గూడ పరుస్తవా?"

"దానికి ఆకెందుకురా. నీ లెక్క అలిగి లేచిపోదు గది."

నాయినమ్మ పొయ్యి ముందు కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పొయ్యి మీద గట్క కుతకుతా ఉడికేది. మక్కరవ్వ ఉడికే వాసన, పక్కన చింతపులుసులో ఎండుమిరపకాయ మాడిన వాసన, నిప్పుల మీద కంకి కాలితే పేలే చప్పుడు. కాక అలిగే లేచి వెళ్లిపోయేవాడు. కాసేపటికి నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తిరిగొచ్చి రెండు కంకులు తినేవాడు.

ఎలుగును నేను ఒక్కసారి దగ్గర నుంచి చూశాను. దగ్గర అంటే నాలుగు బారల దూరం. ముందు వాసన వచ్చింది, వానలో తడిసిన గొంగడి వాసన. తరువాత మక్కల్లో నల్లగా ఒక వీపు కదిలింది. తాత నా నోరు మూసి వంచి కూర్చోబెట్టాడు. అది కంకి విరిచి, పీల్చి, తుప్పున ఊసి ఇంకోటి విరిచింది. అచ్చం నాయినమ్మ చెరుకు నమిలినట్టే. వెళ్లాక తాత గుసగుసగా అన్నాడు, "సూసినవా? మన దిక్కు సూడనే లే. దాని ఇంట్ల అది తింటాంది."

ఆ మూల గట్టున, బండల సందుల్లో సీతాఫలం చెట్లు ఉండేవి. కోతల పండుగ రోజున చర్చికి ప్రతి ఇంటివాళ్లూ మొదటి పంట తెచ్చేవారు. గుమ్మడికాయలు, వడ్ల కంకుల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఆరాధన అయ్యాక హర్రాజు. ఒక ఏడు ఆ పండుగ పొద్దున నేను కొత్త గౌను వేసుకుని ఆ మూలలోకి దూరి, పండిన సీతాఫలాలు మూడు తిన్నాను. నాలుగోది చేతిలో ఉండగా తాత చూశాడు. కొట్టలేదు.

"పరదేశుల సొమ్ము అది. పోయి బండ మీద పెట్టు. పెట్టి, తప్పయిందని చెప్పి రా."

"ఎవలకు చెప్పాలె?"

"ఆల్లకే."

గుట్ట వైపు తిరిగి, చేతులు మూతికి అడ్డం పెట్టి "తప్పయింది" అని అరిచాను. గుట్ట నాకు "అయింది" అని తిరిగి చెప్పింది. నేను నవ్వాను, తాత నవ్వలేదు. "ఇన్నయి" అన్నాడు.

ఆ మూల గురించి నాకు పాఠంలా వచ్చిన ముక్క ఇదొక్కటే. మాది కాదు, పరదేశులది.

*

గుట్ట అవతలి వైపు గ్రానైటు కోసం పేలుళ్లు అప్పటికే మొదలయ్యాయి. పొద్దున ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి. ముందు ఈల వినిపించేది. తరువాత భూమి కాళ్ల కిందనే ఎగిరి పడేది, ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. రాతి పొడి మక్కాకుల మీద బూడిదలా పడేది, మందు వాసన పొద్దంతా ముక్కులో ఉండేది. అవతల పేలే కొద్దీ జంతువులు మా వైపు దిగాయి. ఒక్క మా మూల సరిపోలేదు. పక్క చేన్లలో పడ్డాయి.

పక్క చేనాయన పందుల కోసం కరెంటు తీగ పెట్టాడు. పొద్దున్నే ఏదుపంది ఒకటి ఆ తీగకు అతుక్కుని కాలి ఉంది, ముళ్లన్నీ నిక్కి. ఇంకో రోజు కుక్కలు చెవులపిల్లిని రెండుగా చీల్చి కొట్లాడుకుంటుంటే, దాని వెనక కాళ్లు ఇంకా తన్నుకుంటున్నాయి. నెమలి గుడ్లు దొరికితే గట్టుకేసి కొట్టారు. అప్పటిదాకా వాటిని చూసి "అబ్బ" అన్నవాళ్లే. తాత చేను చేను తిరిగి బతిమిలాడాడు. "నువ్వు మూల ఇడిచి అలవాటు చేసినవ్, తాతా. నీ సుట్టాలు, నువ్వే మేపుకో" అన్నారు.

ఇవతలి వైపు వెంచర్ వచ్చింది. మా పక్కవాళ్లు ఒక్కొక్కరే చేన్లు అమ్మారు. దున్నిన నేలలో తెల్లరంగు వేసిన హద్దురాళ్లు లేచాయి. నేను బడి నుంచి వస్తూ వాటిలో ఒకటి పెరికి, ఈడ్చుకొచ్చి మా బర్రెల కొట్టం ముందు కాళ్లు కడుక్కునే రాయిగా పెట్టాను. నాయినమ్మ మెచ్చుకుంది కూడా, ఇంత నున్నటి రాయి ఎక్కడ దొరికిందని.

ఆ వెంచర్ మనిషి ఎప్పుడూ నల్లద్దాలు పెట్టుకునేవాడు. పేరుతో ఎవరూ పిలవగా వినలేదు, నల్లద్దాలాయన అనేవారు. ఆయన ప్లాట్లకు రోడ్డు కావాలి. గుట్ట కింద వంపు తిప్పాలంటే మా మూల లోంచే పోవాలి. అమ్మమని రెండుసార్లు వచ్చాడు, బాపు రెండుసార్లూ వద్దన్నాడు.

మూడోసారి ఆయన ఇంటికి రాలేదు. నేను గట్టు మీద బర్రెను మేపుతుంటే బండి ఆపాడు. చాక్లెట్ ఇచ్చాడు. నల్లద్దాలు తీసి, మంచిగానే నవ్వాడు.

"ఏం బిడ్డా, మక్క మంచిగైందా?"

"అయింది."

"మరి గా మూలకున్నది కోస్తలేరు? ఎండి పడిపోతాంది గద."

"అది కొయ్యం."

"ఎందుకు కొయ్యరు?"

ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. నాకు తెలిసిన పాఠం చెప్పే అవకాశం వచ్చింది. చర్చిలో వాక్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని, గట్టిగా చెప్పాను.

"అది మాది గాదు. పరదేశులది."

"పరదేశులంటే?"

"బయటోళ్లు" అన్నాను.

ఆయన ఆ మూల వైపు ఒకసారి చూసి, నల్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత నా తల నిమిరి, ఇంకో చాక్లెట్ ఇచ్చి, "తెలివిగల్ల పొల్లవు" అన్నాడు.

*

వారం తరువాత మా మూలలో నాలుగు తెల్లరాళ్లు లేచాయి. పాలకేంద్రం అరుగు మీద పంచాయితీ పెట్టారు. నల్లద్దాలాయన ఒక కాయితం తెచ్చాడు. ఆ మూల ముక్క ఎక్కడో బయటి ఊరాయనదని, తాను అతని దగ్గర కొన్నానని అందులో రాసి ఉంది. ఆ బయటి ఊరాయనను ఊళ్లో ఎవరూ చూడలేదు.

కాక కాయితం లాక్కోబోయాడు. ఇద్దరు పట్టుకున్నారు.

"మీ ఇంటి పిల్లనే అడుగుండ్రి" అన్నాడు నల్లద్దాలాయన, మెల్లగా. "అది మాది గాదు, బయటోళ్లదని గా పొల్లనే నాకు చెప్పింది. ఏం బిడ్డా, అన్నవా లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. బాపు మొహం నేను ఎప్పుడూ చూడనట్టు ఉంది. లేదు అంటే చాలు. తాత వంగి నా కళ్లలోకి చూశాడు.

"అన్నవా, బిడ్డా?"

తల ఊపాను.

తాత నిటారుగా నిలబడ్డాడు. "మా బిడ్డ అబద్ధం ఆడలే. అది మాది గాదు. బయటోళ్లదే."

అరుగు మీద ఎవరో నవ్వారు. పెద్దమనిషి అడిగాడు, "ఏ బయటోళ్లు తాతా? ఏడుంటరు?"

"గుట్టల ఉంటరు."

ఈసారి అందరూ నవ్వారు. తాత ఆ నవ్వు పైనుంచే చెప్పాడు, "మాది గాదు. నీది అంతకన్నా గాదు. ఆల్లు నీకు అమ్ముకోలే."

కాక చేతులు విడిపించుకుని వచ్చి తాత కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తున్నాడు. "బాపూ, మనది అని ఒక్క మాట అను. ఒక్కటంటే ఒక్క మాట. నలుగురి ముందట మనది అని అను, సాలు."

తాత పెదాలు కదిలాయి. అందరూ ముందుకు వంగారు. ఆయన నన్ను చూశాడు, కాకను చూశాడు. అనలేదు.

ఇంటికి వెళ్లాక బాపు బర్రె పగ్గం తీసుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది కాళ్ల మీద పడింది. "నోరెందుకు తెరిచినవ్? ఎవడడిగినా చెప్తవా? ఎవడడిగినా?" అని ఒకే మాట పట్టుకుని కొట్టాడు. గౌను చిరిగి చర్మానికి అతుక్కుంది. నాయినమ్మ నా మీద పడుకుంటే ఆమె మీద కూడా రెండు పడ్డాయి. ఆపింది కాకే. పగ్గం లాగి పొయ్యిలో వేశాడు. "దానికేం తెలుసు? మీరు నేర్పిందే చెప్పింది. కొట్టాలంటే గా ముసలాయన్ని కొట్టు" అన్నాడు.

తాత వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. విన్నాడు.

*

మూడోనాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది. వెనక వ్యానులో ఏడెనిమిది మంది, చేతుల్లో ఇనుప రాడ్లు. కాక అప్పటికే గొడ్డలి కామ పట్టుకుని మూల ముందు నిలబడి ఉన్నాడు. బాపు, అవ్వ పరుగెత్తారు. నాయినమ్మ నన్ను ఇంట్లో పెట్టి గొళ్లెం వేసింది. నేను దొడ్డి గోడ దూకి వెనక నుంచి వెళ్లాను.

నేను గట్టు ఎక్కేసరికి కొట్లాట మొదలైంది. కాక ఒకడి దవడ పగలగొట్టాడు, వాడు పళ్లు చేతిలోకి ఊసుకుంటున్నాడు. బాపు నుదుటి నుంచి నెత్తురు కంట్లోకి కారుతోంది. చేతికి దొరికిన కర్ర గుడ్డిగా తిప్పుతున్నాడు. అవ్వ రాళ్లు కొంగులో నింపుకుని విసురుతోంది, చర్చిలో పాటలు పాడే మా అవ్వ, నేను జన్మలో వినని బూతులు తిడుతోంది. ఇద్దరు వెనక నుంచి వచ్చి రాడ్లతో కాక మోకాళ్ల మీద కొట్టారు. కట్టె విరిగిన చప్పుడు వినిపించింది. కాక మోకాళ్ల మీద పడ్డాడు. పడ్డ మనిషినీ కొట్టారు. తాత గట్టు మీద ఆయాసపడుతూ, చేతులు ఊపుతూ వస్తున్నాడు.

ఇంతలో జేసీబీ తొట్టి మక్కల్ని తొక్కుకుంటూ వెళ్లి సీతాఫలం చెట్లను పట్టింది. వేర్లతో సహా లేపింది. నలిగిన ఆకుల ఘాటు వాసన చేను నిండా కమ్మింది. తరువాత తొట్టి పళ్లు బండల కిందికి దూర్చి ఎత్తాడు.

బండ కింద నుంచి అది వచ్చింది. మొదట తడి గొంగడి వాసన, తరువాత అరుపు. వీపు మీద పిల్ల, బొచ్చు పట్టుకుని వేలాడుతోంది. ఎలుగుకు కనిపించిన మొదటి మనిషి మోకాళ్ల మీద ఉన్న కాక.

నేను కళ్లు మూసుకోలేదు. మూసుకుని ఉంటే బాగుండేది. అది రెండు కాళ్ల మీద లేచి, కావలించుకున్నట్టే ఆయన మీద పడింది. గోళ్లు నెత్తి మీద నుంచి గడ్డం దాకా దిగాయి. ఒక్కసారే. కాక ఎడమ కన్ను, చెంప, సగం పెదవి వేలాడాయి. ఆయన అరవలేదు, నోట్లో నెత్తురు నిండి గరగరమంది.

అప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ అర్థం కాదు. అప్పటిదాకా ఒకర్నొకరు చంపుకోబోయినవాళ్లంతా ఒక్కటైపోయారు. బాపు, నల్లద్దాలాయన మనుషులు, పళ్లు రాలినవాడు, పక్క చేనాయన, అందరూ భుజం భుజం ఆనించి ఎలుగును చుట్టేశారు. "అన్నా, నువ్వటు రా", "తమ్మీ, తలకాయ మీద ఎయ్" అని వరసలు పెట్టి పిలుచుకుంటూ కొట్టారు. రాడ్డు దిగిన చోటల్లా బొచ్చులోంచి దుమ్ము లేచింది, తరువాత నెత్తురు. పిల్ల వీపు మీద నుంచి దిగలేదు. దానికీ దెబ్బలు పడ్డాయి.

"కొట్టకుండ్రి! పోనియ్యుండ్రి! తొవ్వ ఇయ్యుండ్రిరా దానికి!" తాత గుంపును చీల్చుకుని లోపలికి వెళ్లాడు. ఎలుగుకూ వాళ్లకూ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు. ఎత్తిన దెబ్బ ఆగలేదు. ఆయన కుడి భుజం మీద పడింది. అది ఎవరి దెబ్బో ఎవరూ ఒప్పుకోలేదు. బాపు చేతిలో కర్ర ఉంది. మిగతావాళ్ల చేతుల్లో రాడ్లు ఉన్నాయి. భుజం మీద కమిలింది కర్ర మందంలోనే.

ఎలుగు పక్కకు ఒరిగి పడింది. చివర్లో అది రెండు చేతులతో మొహం కప్పుకుంది. పక్కనే కాక కూడా రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు.

మధ్యాహ్నం ఫారెస్టోళ్లు వచ్చారు. చచ్చిన తల్లి బొచ్చులోంచి పిల్లను ఊడదీయడానికి ఇద్దరు పట్టారు. అది పసిపిల్లలాగే ఏడ్చింది. గోనెసంచిలో వేసుకుని పోయారు. సాయంత్రానికి మూల చదునైంది.

*

కాక బతికాడు. కరీంనగర్ ఆసుపత్రిలో రెండు ఎండాకాలాలు, మూడు ఆపరేషన్లు. ఎడమ కన్ను లేదు, మాట నత్తి పడింది, పెళ్లి మాట ఇక రాలేదు. తువాల సగం మొహానికి కట్టుకుని బయటికి వెళ్తాడు. తాత కుడిచేయి మళ్లీ భుజం దాటి లేవలేదు. కేసులు పెట్టుకున్నారు, అవి రాజీతో ముగిశాయి. నేను గట్టిగా మాట్లాడటం మానేశాను. బడిలో టీచర్ అడిగితే తెలిసిన జవాబు కూడా రాసి చూపించేదాన్ని. ఒక నోటుపుస్తకంలో మొదటి పేజీలో "మాది గాదు అని నేనే అన్న" అని రాసి, చింపి, మళ్లీ రాశాను. నా డైరీ అలా మొదలైంది.

మరుసటి ఏడు కోతల్లో తాత ఎడమచేత్తో కొడవలి పట్టుకుని వచ్చాడు. మిగిలిన చేనుకు ఇంకో చివర ఆగి, మొన వెనక్కి తిప్పి, నడుముకు చెక్కుకోబోయాడు. చేయి తిరగలేదు. అవ్వ వెళ్లి చెక్కింది. "ఇగ సాలు" అన్నాడు.

బాపు పిచ్చెత్తినట్టు అయ్యాడు. "ఇంక ఎవలున్నరు? ఎవలొస్తరు తినడానికి? నీ కొడుకు మొకం సూసినంక గూడనా?" అంటూ ఆ మూలలోకి దిగి, ఏడుస్తూ, ఒక్కడే మొత్తం కోశాడు. కోసి, కట్టలు అక్కడే వదిలేసి వచ్చాడు. మూడో ఏడు కోతకు చేను లేదు, ఆసుపత్రి అప్పులకు పోయింది. మేం కరీంనగర్‌లో చర్చి వెనక అద్దె ఇంట్లోకి మారాం. తాత ఆ ఇంట్లోనే పోయాడు. పోయేముందు ఆయనను అడగాలనుకున్నాను, ఆ రోజు అరుగు మీద ఒక్క మాట ఎందుకు అనలేదని. నన్ను అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేకనా, తాను అబద్ధమాడడం ఇష్టం లేకనా? అనని ఆ ఒక్క మాట కాక మొహమంత విలువ చేస్తుందా? అడగలేదు. రాసుకున్నాను.

ఇన్నేళ్లుగా ఇంట్లో అన్నానికి కూర్చున్నప్పుడు నేను కాకకు ఎడమవైపే కూర్చుంటాను, ఆయనకు కన్ను లేని వైపు.

*

గృహప్రవేశంలో భోజనాలయ్యాక కాలనీ పెద్దలు షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఎదురుగా, రోడ్డు వంపుకూ కోసిన గుట్టకూ నడుమ, మా మూలలో రోడ్డుకు పోగా మూడు మూలల ముక్క ఒకటి మిగిలి ఉంది. నడుమెత్తు గడ్డి, బండరాళ్లు.

"ఈశాన్యం తెగింది, పైంగ వీధిపోటు. ఇన్నేండ్లైనా ఒక్కడు కొనలే" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

"పాములు, ముంగిసలు. పొద్దున నెమలొచ్చి మా కారు మీద కూసున్నది, గీతలు పడ్డయి."

"రేపు జేసీబీకి చెప్పిన. సాఫ్ చేసి సిమెంటు ఏస్తే పది కార్లు పడ్తయి."

"మరి ఎవలన్నా అడిగితే?"

"ఎవలడుగుతరు? ఎవలదన్నా అయితే ఇప్పటిదాకా రాకపోదురా? అది ఎవలదీ గాదు."

గడ్డిలో ఏదో కదిలింది. బండ సందులోంచి ఒక సీతాఫలం మొక్క, వేలు మందం ఉంటుందేమో, బయటికి వంగి ఉంది.

నేను లేచి నిలబడ్డాను. ప్లేటు కింద పడింది. మేడం, పక్కనావిడ, ఎలుగుబంటి దగ్గరి పాప, అందరూ చూశారు.

"మాది" అన్నాను.

"ఏందమ్మా?"

"గా ముక్క. మాది. మా తాతది." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "జేసీబీ వస్తే నేను ముందట నిలవడ్త."

అధ్యక్షుడు కళ్లు చికిలించాడు. "కాయితాలు ఉన్నయా, బిడ్డా?"

"ఉన్నయి. అన్నీ రాసి ఉన్నయి."

అది అబద్ధం కాదు. పద్నాలుగు నోటుపుస్తకాలు. ఆయన పక్కాయనను చూశాడు, పక్కాయన చేతులు కడుక్కోవడానికి లేచాడు. "ముందుగాల కాయితాలు తెచ్చి సూపియ్యమ్మా, అప్పటిదాంక ఆపుతం" అన్నాడు అధ్యక్షుడు. ఎన్నాళ్లు ఆపుతారో నాకు తెలియదు. తహసీల్ ఆఫీసులో ఆ ముక్క ఎవరి పేరున ఉందో కూడా తెలియదు. రేపు లీవు పెట్టి వెళ్లాలి.

ఇంటికొచ్చేసరికి కాక అన్నం ముందు కూర్చున్నాడు. అలవాటుగా ఎడమవైపు కూర్చుని, జరిగింది చెప్పాను. ఇన్నేళ్లలో ఆయనతో ఆ చోటు గురించి మాట్లాడటం అదే మొదలు. ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నాడు.

"మాది అన్నవా?" సగం పెదవితో అడిగాడు.

"అన్న."

"నలుగురి ముందట?"

"ఆ."

"మా బాపు ఉంటే నిన్ను గుట్ట ముందట నిలవెట్టి తప్పయిందని చెప్పిచ్చేటోడు."

నవ్వో ఏడుపో తెలియలేదు, ఆయన మొహంలో రెండూ ఒకలాగే ఉంటాయి. ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఏమున్నది అండ్ల ఇప్పుడు?" అన్నాడు.

"గడ్డి. సీతాఫలం మొక్క ఒకటి. నెమలి వస్తదట."

"గుడ్డెలుగు?"

"లేదు కాకా."

ఆయన తల ఊపాడు. తరువాత నేల మీద తన కుడివైపు అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"గీ పక్కకు వచ్చి కూసో, బిడ్డా. నాకు కనవడేటట్టు."